గ్వాడలూప్ శిఖరం దగ్గర వీకెండ్: టెంటు పైన వేయాలా, కింద వేయాలా?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరుండేది డల్లాస్‌లో. నవంబరు రెండో వారంలో శుక్రవారం సెలవు పెట్టి, మీరూ మీ వారూ గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్కుకు వెళ్లాలనుకుంటున్నారు. ఆయనకు కొండలెక్కడం అలవాటే. మీకు ఊళ్లో పార్కుల్లో నడకే తప్ప బరువు మోస్తూ ఎక్కిన అనుభవం లేదు. టెక్సాస్‌లో అన్నిటికంటే ఎత్తైన గ్వాడలూప్ శిఖరం పక్కనే టెంటు వేసుకుని, తెల్లవారుజామున పైకెళ్లి సూర్యోదయం చూడాలని ఆయన కోరిక. అది మీ వల్ల అవుతుందా, నీళ్లు ఎన్ని మోయాలి, గాలి గురించి జనం చెప్పేది నిజమేనా, మిగిలిన సమయంలో ఏం చూడొచ్చు, కొత్త బూట్లు కొనాలా అని అడిగారు.

శిఖరం తప్పకుండా ఎక్కండి. టెంటు మాత్రం కింద పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లోనే వేయండి. మీరు కొత్తవారని ఈ మాట అనడం లేదు, ఆయన ఒక్కరే వెళ్తున్నా మొదటిసారికి ఇదే చెప్పేవాణ్ని. నేను ఎల్ పాసోలో ఉంటాను. చలికాలం వచ్చిందంటే మా ఆవిడా నేనూ ఖాళీ దొరికిన వీకెండ్‌లు చాలావరకు ఈ కొండల్లోనే గడుపుతాం. ఇక్కడ మనుషుల్ని సగం దారిలో వెనక్కి తిప్పేవి ఎక్కువగా గాలీ, నీళ్లూ. పైన క్యాంపు పెట్టుకుంటే ఆ రెండు సమస్యలూ ఒకే రాత్రి మీద పడతాయి. కింద ఉంటే రెండింటికీ మీ కారు అండగా ఉంటుంది.

నీళ్ల సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే లెక్క వేస్తే మీకే తెలిసిపోతుంది. ఈ కొండలన్నీ సున్నపురాయి. సుమారు 26 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడొక సముద్రం ఉండేది. దాని అంచున స్పాంజీలు, సున్నపు నాచు పేరుకుని ఏర్పడిన పెద్ద దిబ్బే ఇప్పుడు మనం ఎక్కే కొండ. భూగర్భ శాస్త్రవేత్తలు పెర్మియన్ అనే ప్రాచీన భూయుగంలో ఒక భాగానికి ఈ కొండల పేరుమీదే గ్వాడలూపియన్ అని పేరు పెట్టారు. కాలిబాట పక్కన రాళ్లను కాస్త పరిశీలనగా చూస్తే ఆ సముద్ర జీవుల ఆనవాళ్లు కనిపిస్తాయి. అయితే నడిచేవాడికి సున్నపురాయితో ఒక చిక్కుంది. వాన పడితే నీళ్లు పైన నిలవవు, రాతి పగుళ్లలోంచి లోపలికి ఇంకిపోతాయి. అందుకే శిఖరం దారిలో వాగు లేదు, చెలమ లేదు, కుళాయి లేదు. ఫిల్టర్ తీసుకెళ్లినా వడకట్టడానికి నీళ్లే ఉండవు.

మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు దగ్గరుంచుకోమని పార్కువాళ్లు చెబుతారు. పొద్దున ఎక్కి సాయంత్రానికల్లా దిగేట్టయితే నవంబరు చలికి ఒక్కొక్కరికి 3 నుంచి 4 లీటర్లు చాలు. అదే పైన పడుకోవాలంటే శనివారం ఎక్కేటప్పుడు తాగేవి, రాత్రి వంటకు, పొద్దున కాఫీకి, ఆదివారం శిఖరానికి వెళ్లి కిందకు దిగేదాకా తాగేవి అన్నీ కలిపి ఒక్కొక్కరికి 5 లీటర్లకు తగ్గదు. ఇద్దరికీ 10 లీటర్లు, అంటే 10 కిలోలు. టెంటు, స్లీపింగ్ బ్యాగులు, వాటి కింద పరుచుకునే ప్యాడ్‌లు, స్టవ్, తిండి, చలి బట్టలు కలిపితే ఒక్కొక్కరి వీపు మీద 14, 15 కిలోలు పడతాయి. ఆ బరువుతో మొదటి 3 మైళ్లలోనే 2,000 అడుగులకు పైగా ఎక్కాలి. మీ వారు సగం బరువు తానే తీసుకుంటానంటారు, నిజంగానే తీసుకుంటారు కూడా. కానీ అప్పుడు ఆయన మోకాళ్లే దిగేటప్పుడు మొరాయిస్తాయి.

కింద క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్లుంటాయి. అయినా కుళాయిల మీద భరోసా పెట్టుకోకండి. మరమ్మతులనీ, నీటి పరిమితులనీ అప్పుడప్పుడు పార్కు సైట్‌లో నోటీసు పెడుతుంటారు, బయల్దేరే ముందు చూసుకోండి. ఏమైనా సరే, ఇద్దరికీ సరిపడా నీళ్లు డబ్బాల్లో నింపి కారు డిక్కీలో పెట్టుకునే రండి. పార్కులో పెట్రోలు బంకు లేదు, కిరాణా కొట్టు లేదు. దగ్గర బంకు అన్నా 30 మైళ్ల పైమాటే. ట్యాంకు సగానికి దిగాక అక్కడికి చేరడం అనవసరమైన టెన్షన్.

మీలాంటివాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. శిఖరం దారిలో టాయిలెట్ లేదు. ఆ భయంతో చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఎడారి గాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టినది పట్టినట్టు ఆరిపోతుంది. మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు, వికారం మొదలవుతాయి. అది ఎత్తు వల్ల వచ్చిందనుకుంటారు, నిజానికి చాలాసార్లు నీళ్లు చాలకే. బాట నుంచి దూరంగా జరిగి పని చూసుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. వాడిన కాగితం మాత్రం జిప్ కవరులో వేసి వెనక్కి తెచ్చేయాలి. ఎడారి పొడి నేలలో అది ఏళ్ల తరబడి కుళ్లదు, జంతువులు తవ్వి బయట పడేస్తాయి. నీళ్లతో పాటు ఉప్పుగా ఉండే తిండి ఏదైనా తింటూ ఉండండి. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి నీరసం వస్తుంది.

ఇక గాలి. జనం చెప్పేది నిజమే, చెప్పని వాళ్లకు అదృష్టం కొద్దీ మంచి రోజు దొరికిందనుకోవాలి. ఈ కొండల పడమటి వైపు ఉప్పు మైదానం సుమారు 3,600 అడుగుల ఎత్తులో చదునుగా పరుచుకుని ఉంటుంది. శిఖరం ఎత్తు 8,751 అడుగులు. అంటే ఆ మైదానం పక్కన 5,000 అడుగుల గోడ లేచి నిలబడిందన్నమాట. పడమటి గాలికి అంతదూరమూ అడ్డేమీ ఉండదు. ఈ గోడ దగ్గరకు వచ్చి పైనుంచీ, పక్కనున్న గ్వాడలూప్ కనుమలోంచీ ఇరుకుదారిలో పడి వేగం పెంచుకుంటుంది. గోడ దాటాక తూర్పు వాలు మీదుగా కిందకు దూకుతుంది. పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్ ఉన్నది ఆ తూర్పు వైపే. కాబట్టి కింద ఉంటే గాలి ఉండదని నేను చెప్పను. అర్ధరాత్రి టెంటు గుడ్డ చెంపకు తగిలేలా వంగిపోయే రాత్రులు కిందా ఉంటాయి. తేడా ఏమిటంటే, కింద భరించలేకపోతే రెండు నిమిషాల్లో కారులో పడుకోవచ్చు. పైన అలాంటి రాత్రి వస్తే 3 మైళ్లు చీకట్లో దిగాలి, లేదా తెల్లారేదాకా పోల్స్ పట్టుకుని కూర్చోవాలి. పై క్యాంపు శిఖరానికి సుమారు మైలు కింద, గాలికి ఎదురుగా ఉన్న చోటు. చలికాలం చివర, వసంతంలో గంటకు 70 మైళ్లు దాటిన ఈదురుగాలులు ఇక్కడ వింతేమీ కాదు. నవంబరు అంత చెడ్డది కాదు గానీ, ఉత్తరం నుంచో పడమర నుంచో ఫ్రంట్ (వాతావరణాన్ని ఒక్కసారిగా మార్చే కొత్త గాలి రాశి అంచు) వచ్చిన రోజు నవంబరే మార్చిలా ఉంటుంది.

ఫోన్‌లో ఉండే వాతావరణం యాప్‌ను ఈ విషయంలో నమ్మొద్దు. అది దగ్గరలో ఉన్న ఏదో ఊరి వివరాలు చూపిస్తుంది. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మ్యాప్ తెరిచి నేరుగా కొండ మీద నొక్కండి, ఆ చోటి ఎత్తు కూడా రాసి ఉంటుంది. అందులో సగటు గాలి కంటే గస్ట్, అంటే ఉన్నట్టుండి విసిరికొట్టే గాలి, అంకె చూడండి. గస్టులు గంటకు 25 మైళ్ల లోపుంటే హాయిగా వెళ్లండి. 25కూ 40కూ మధ్య ఉంటే వెళ్లొచ్చు, టోపీలు ఎగిరిపోతాయి, అంచుల దగ్గర కాస్త ఒదిగి నడవాలి. 50 దాటుతుందని ఉంటే ఆ రోజు శిఖరం వద్దు, లోయల్లో నడవండి. ఇవి నా సొంత హద్దులు, పార్కువాళ్ల నియమాలు కావు. మిడ్‌లాండ్ వాతావరణ కార్యాలయం ఈ కొండలకు హై విండ్ వార్నింగ్ ఇచ్చిందంటే మాత్రం ఇక లెక్కలు వేయకండి.

టెంటు గురించి రెండు ముక్కలు. క్యాంప్‌గ్రౌండ్‌లో టెంటు వేసే చోటు గట్టిగా, కంకరగా ఉంటుంది. టెంటుతో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు వంగిపోతాయి. గట్టి ఉక్కు మేకులు, చిన్న సుత్తి తెచ్చుకోండి. కారు పక్కనే కదా, బరువు సమస్య కాదు. పోల్స్ సాయంతో తనంతట తాను నిలబడే టెంటు అయితే మంచిది. ఇల్లు వదిలే ముందే పై కవరుకు తాళ్లు కట్టి పెట్టుకోండి. చాలామంది ఆ తాళ్లను ప్యాకెట్‌లోంచి తీయను కూడా తీయరు, గాలి మొదలయ్యాక చీకట్లో వెతుక్కుంటారు. ముఖ్యంగా, శిఖరానికి బయల్దేరేటప్పుడు ఖాళీ టెంటును నిలబెట్టి వెళ్లకండి. పోల్స్ తీసేసి గుడ్డను నేలమీద పరిచి, లోపల బరువులు పెట్టి, మేకులు అలాగే ఉంచండి. తిరిగొచ్చాక లేపడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అలా చేయని టెంట్లు పక్క సైట్ వాళ్ల పొదల్లో చిక్కుకుని కనిపించడం అక్కడ మామూలే.

మరి సూర్యోదయం సంగతేమిటని మీ వారు అడుగుతారు. ఆయనకు ఇలా చెప్పండి. శిఖరం దారిలో మొదటి మైలున్నర తూర్పు వైపు వాలు మీద మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. నవంబరు మధ్యలో అక్కడ పొద్దుపొడుపు ఆరున్నరకు అటూ ఇటూ. ఐదున్నరకు హెడ్‌ల్యాంప్‌లు పెట్టుకుని నడక మొదలుపెడితే, ఏదో ఒక మలుపులో ఆగి కూర్చునే సరికి ఎదురుగా ఎడారి మీద సూర్యుడు లేస్తాడు. వెనక్కి తిరిగితే కొండ ముఖం ఎర్రబడుతుంది. శిఖరం మీద నిలబడితే ఆ ఎర్రబడే కొండ మీ కాళ్ల కిందే ఉంటుంది కాబట్టి అది కనిపించదు. నన్నడిగితే ఇక్కడి సూర్యోదయం మలుపుల్లోంచే బాగుంటుంది.

దారి ఎలా ఉంటుందో చెబుతాను. పోను రాను 8.4 మైళ్లు, ఎక్కాల్సిన ఎత్తు 3,000 అడుగులు. 6 నుంచి 8 గంటలని పార్కు లెక్క. మీకు 8 అనుకోండి. అన్నిటికంటే నిటారుగా ఉండేది ఆ మొదటి మైలున్నరే. రాతి మెట్లు, వదులు రాళ్లు, నీడ అస్సలు లేదు. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే "మనవల్ల కాదు" అనుకుంటారు. దారి మొత్తం ఇలాగే ఉంటుందని భయపడతారు, కానీ ఉండదు. ఒక చిన్న చోట బాట కొండచరియ అంచునే వెళ్తుంది. వెడల్పు సరిపోయినంత ఉంది గానీ ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు లోపలి వైపు నడవాలి. అది దాటి మలుపు తిరిగాక ఉత్తరం వైపు వాలులోకి వస్తారు. అక్కడ ఎండ తక్కువ కాబట్టి పైన్, డగ్లస్ ఫర్ చెట్లు పెరిగాయి. ఎడారిలోంచి ఒక్కసారిగా చల్లటి అడవిలోకి వచ్చినట్టుంటుంది, వాలూ కాస్త తగ్గుతుంది. ఇక్కడ మీకు ఊపిరి అందుతుంది.

సుమారు 3 మైళ్ల దగ్గర ఒక గుట్ట పైకి చేరతారు. చూడటానికి అదే శిఖరంలా ఉంటుంది, కాదు. అసలుది అవతల ఇంకో మైలు దూరంలో తల ఎత్తుకుని కనిపిస్తుంది. ముందే తెలిస్తే నిరాశ ఉండదని చెబుతున్నాను. పై క్యాంపు చోటు ఆ పక్కనే. పోతూ పోతూ ఒకసారి చూడండి, అక్కడ గాలి ఎలా ఉందో మీ వారే గమనిస్తారు. వచ్చేసారి పైన పడుకోవాలా వద్దా అనేది అప్పుడు మాట్లాడుకోవచ్చు. పైన పడుకోవాలంటే విడిగా పర్మిట్ కావాలి. అక్కణ్నించి కాస్త దిగి, ఒక చెక్క వంతెన దాటి, చివరి మెలికలు ఎక్కితే శిఖరం. దక్షిణం వైపు చూస్తే ఫోటోల్లో అందరూ చూసే ఎల్ కాపిటాన్ బండ మీకంటే 600 అడుగుల పైచిలుకు కిందే కనిపిస్తుంది. కింద రోడ్డు మీంచి అదే పెద్దదిగా అనిపిస్తుంది, దాని ఎత్తు 8,085 అడుగులే.

శిఖరం మీద మూడు ముఖాల ఉక్కు పిరమిడ్ ఒకటి ఉంది. బటర్‌ఫీల్డ్ ఓవర్‌ల్యాండ్ మెయిల్ అనే గుర్రపుబండ్ల తపాలా ఈ కనుమ గుండా నడిచి నూరేళ్లయిన సందర్భంగా 1958లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెట్టించింది. గుర్రపుబండికి గుర్తుగా విమానాల కంపెనీ కొండకొమ్మున ఉక్కు దిమ్మ పెట్టడం ఏమిటో అనిపిస్తుంది గానీ, అందరూ దానికి ఆనుకునే ఫోటో దిగుతారు. అక్కడే పెట్టెలో పేర్లు రాసే పుస్తకం ఉంటుంది. గాలి ఉన్న రోజు పైన పది నిమిషాలకు మించి కూర్చోలేరు. తిండి పై చివర కాకుండా అంతకుముందు చెట్ల చాటున తినేయండి.

ఇద్దరు కలిసి నడిచేటప్పుడు జరిగే గొడవల గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. అనుభవం ఉన్నవాళ్లు ముందు నడిచి, మలుపు దగ్గర ఆగి, వెనకవాళ్లు రాగానే మళ్లీ లేచి కదులుతారు. అంటే ఆయనకు ప్రతి మలుపులో విశ్రాంతి దొరుకుతుంది, మీకు ఒక్కచోటా దొరకదు. కాసేపటికి మీకు కోపం వస్తుంది, ఎందుకొచ్చిందో ఆయనకు అర్థం కాదు. దీనికి మందు ఒక్కటే, మీరు ముందు నడవండి. వేగం మీది. నడుస్తూ మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లండి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. డల్లాస్ దాదాపు సముద్రమట్టానికి దగ్గర్లో ఉన్న ఊరు, ఇక్కడ బాట మొదలయ్యేదే 5,700 అడుగుల పైన. మొదటి గంట ఆయాసం రావడం సహజం, మీ ఫిట్‌నెస్ మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

సామాను కూడా అంతే. నీళ్లన్నీ ఆయన బ్యాగులో, తిండంతా మీ బ్యాగులో అని పంచుకోకండి. ఏ కారణం వల్లనైనా అరగంట విడిపోతే ఒకరికి నీళ్లుండవు, ఇంకొకరికి తిండి ఉండదు. ఎవరి నీళ్లు, ఎవరి హెడ్‌ల్యాంప్, ఎవరి గాలి జాకెట్ వాళ్ల దగ్గరే ఉండాలి. మందులు, మ్యాప్, పట్టకారు లాంటివి ఒక్కటే చాలు. పట్టకారు దేనికంటే, బాట పక్కన లెచుగియా అనే ముళ్ల మొక్క గుంపులు గుంపులుగా పెరుగుతుంది. దాని ఆకు కొన పిక్కలో దిగితే మందపాటి ప్యాంటు కూడా ఆపదు. కారు తాళం రెండోది కూడా తెచ్చుకుని చెరొకటి పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ కొన్నిచోట్ల తగులుతుంది, కొన్నిచోట్ల ఉండదు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

కారు దగ్గర ఉండగానే ఒక టైమ్ అనుకోండి. మధ్యాహ్నం 12కు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. నవంబరులో అక్కడ సాయంత్రం ఐదుకే పొద్దు గూకుతుంది. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నప్పుడు "ఇంకో ఇరవై నిమిషాలే" అని ఎవరైనా అంటారు. ఆ మాట అప్పుడు అనుకోకుండా ఉండటానికే ముందే అనుకోమంటున్నాను. ఇద్దరిలో ఒకరు తిరుగుదామంటే చాలు, రెండోవాళ్లు కారణం అడగకూడదు. ఒక చిన్న తికమక ఉంది, పార్కు మౌంటెన్ టైమ్ పాటిస్తుంది, డల్లాస్ కంటే గంట వెనక. ఏ టవర్ తగిలిందో దాన్నిబట్టి ఫోన్ గంట అటూ ఇటూ మారుతుంది. చేతికి మామూలు వాచీ పెట్టుకుని మౌంటెన్ టైమ్‌కు తిప్పుకోండి.

దిగడం తేలికనుకోవద్దు. వదులు సున్నపురాళ్ల మీద అరికాలు జారేది దిగేటప్పుడే, మోకాళ్లు పట్టేసేది కూడా అప్పుడే. నడక కర్రలు లేకపోతే ఒక జత కొని చెరొకటి పట్టుకున్నా మేలే.

రాత్రి చలి గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. నవంబరులో పైన్ స్ప్రింగ్స్ దగ్గర పగలు 60 ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉంటుంది, రాత్రి 40 లోపుకు దిగడం మామూలే. గాలి తోడైతే ఇంకా చలిగా అనిపిస్తుంది. పార్కులో కట్టెలు, బొగ్గులు ఎక్కడా కాల్చనివ్వరు. స్టవ్ మాత్రమే వాడాలి. కాబట్టి మంట చుట్టూ కూర్చునే సాయంత్రాన్ని ఊహించుకుని రావొద్దు, తిన్న వెంటనే స్లీపింగ్ బ్యాగులో దూరిపోతారు. చాలామంది మంచి బ్యాగు కొని ప్యాడ్ దగ్గర పొదుపు చేస్తారు, కానీ ఒంటి వేడిని లాగేది కింద నేల. చలి ఎక్కువ వేసేవాళ్లకు మందపాటి ప్యాడ్ ఇవ్వండి. తిండి, సబ్బు, టూత్‌పేస్టు అన్నీ రాత్రి కారులో పెట్టి తాళం వేయండి. టెంటులో పెడితే ఎలుకలు కన్నం చేస్తాయి.

మిగిలిన సమయం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మీకు ఎక్కువ మిగలదు. డల్లాస్ నుంచి ఎనిమిది గంటలకు పైగా డ్రైవింగ్. మిడ్‌లాండ్, ఒడెస్సా దాటాక చమురు బావుల ట్రక్కులు, చీకటి పడితే ఆ రోడ్లు సరదాగా ఉండవు. శుక్రవారం తెల్లవారే బయల్దేరితే వెలుతురుండగానే టెంటు వేసుకోవచ్చు. క్యాంప్‌గ్రౌండ్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, టెంటు సైట్ రాత్రికి 20 డాలర్లు. ప్రవేశం మనిషికి 10 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే ప్రవేశం కట్టక్కర్లేదు. నేనైతే ఇంకో దారి చెబుతాను. ఎల్ పాసోకు విమానంలో వచ్చి కారు అద్దెకు తీసుకోండి. అక్కణ్నించి 110 మైళ్లు, రెండు గంటల లోపే. స్టవ్ గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు కాబట్టి ఎల్ పాసోలో దిగాక కొనుక్కోవాలి.

శనివారం శిఖరం అయితే ఆదివారం పొద్దున మెకిట్రిక్ లోయకు వెళ్లండి. ప్రాట్ క్యాబిన్ దాకా పోను రాను 4.8 మైళ్లు, ఎక్కుడు దాదాపు లేదు, నొప్పిగా ఉన్న కాళ్లకు సరిపోతుంది. వాలెస్ ప్రాట్ అనే చమురు కంపెనీ భూగర్భ శాస్త్రవేత్త 1930లలో కట్టుకున్న రాతి ఇల్లది. తర్వాత ఆయన దానం చేసిన భూమే ఈ పార్కుకు తొలి ముక్కల్లో ఒకటి. పార్కు 1972లో ఏర్పడింది. అక్టోబరు చివర నుంచి నవంబరు మొదట్లో అక్కడ మేపుల్ చెట్లు ఎర్రబడతాయి, జనమూ బాగా వస్తారు. రెండో వారానికి కొంత రాలిపోయి ఉండొచ్చు. లోయ గేటు సాయంత్రం మూసేస్తారు, టైమ్ బోర్డు మీద చూసుకుని వెళ్లండి. శనివారం గాలి ఎక్కువై శిఖరం మానుకోవాల్సి వస్తే ఇదే లోయ, లేదా పైన్ స్ప్రింగ్స్ నుంచే మొదలయ్యే డెవిల్స్ హాల్ దారి. డెవిల్స్ హాల్‌లో రెండో సగం ఎండిన వాగులో బండరాళ్ల మీద నడక, సరదాగా ఉంటుంది. కార్ల్స్‌బాడ్ గుహలు కూడా గంటలోపు దూరమే. వాటికి ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. అక్కడ గాలి వీయదు కాబట్టి చెడ్డ వాతావరణానికి అది మంచి పక్కా ప్లాన్.

చివరగా బూట్లు. కొత్తవి కొనాలంటే ఈ వారమే కొనండి, ప్రయాణం ముందు రోజు కాదు. చీలమండ దాకా వచ్చే బరువైన బూట్లు తప్పనిసరి కాదు. పట్టున్న అడుగు, కాస్త గట్టి సోల్ ఉన్న ట్రైల్ షూస్ చాలు. మెత్తటి రన్నింగ్ షూస్‌లో మాత్రం ఆ పదునైన రాళ్లు అరికాలికి తెలుస్తూనే ఉంటాయి. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి సాక్స్‌తో వేసుకు చూడండి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలకుండా వేలెడు ఖాళీ ఉండాలి. వాటితోనే, బ్యాగులో 4 లీటర్ల నీళ్లు పెట్టుకుని, వెళ్లేలోపు ఏదైనా ఎత్తైన బిల్డింగ్ మెట్లు కొన్ని సాయంత్రాలు ఎక్కి దిగండి. డల్లాస్ చుట్టుపక్కల అంతకంటే మంచి కొండ దొరకదు. మీ టెంటు ఏ కంపెనీదో, స్లీపింగ్ బ్యాగు ఎంత చలికి పనికొస్తుందని రాసి ఉందో ఇక్కడ చెబితే, ఆ రాత్రులకు సరిపోతుందో లేదో చూసి చెబుతాను.